మూల మడత

మూడింటికి తలుపు మూసి గడియ పెట్టి వెళ్లిపోయారు, నాలుగింటికి వచ్చి తీసుకువెళతారు, ఈ గంటసేపూ ఆమె ఈ గదిలోనే ఉండాలి. మీ రక్షణ కోసమే అన్నాడు పోలీసు అధికారి. రక్షణకీ నిర్బంధానికీ తేడా గడియ ఏ వైపున ఉందన్న దాంట్లోనే ఉంటుంది, ఈ గది గడియ బయటివైపున ఉంది, లోపల ఉండాల్సిన చోట నాలుగు మేకుల గుంతలు మాత్రం మిగిలాయి. ఓట్లు లెక్కపెడుతున్న కాలేజీలో ఆటల శిక్షకుడి గది ఇది. గోడకి స్కిప్పింగ్ తాళ్లు, మూలన గాలిపోయిన బంతులతో వలసంచీ, కిటికీకి చువ్వలు, చువ్వలకి అవతల బంతి తగలకుండా ఇనుప వల, టేబులు మీద ఒక నల్ల టెలిఫోను. బరువు చూసే యంత్రం ఒకటుంటే ఏమీ తోచక దాని మీద నిలబడింది. అరవై మూడు కిలోలు. దేశం బరువంతా మీ నెత్తినే ఉందన్నారు పొద్దుట్నుంచీ పదిమంది, మరి ముల్లు ఒక్క గీత కూడా ఎక్కువ చూపించలేదేం అనుకుని దిగింది, దిగితే మోకాలు కలుక్కుమంది.

ఓట్ల లెక్క పదకొండు గంటలకే తేలింది, అంటే తేలలేదని తేలింది. వంతెనల మంత్రికి ఇరవయ్యొక్క వేల నాలుగు వందల పద్దెనిమిది. నర్సమ్మకి ఇరవయ్యొక్క వేల నాలుగు వందల పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ అంతే, మూడోసారీ అంతే. ఆమెకి సహాయకుడిగా వేసిన లెక్కల మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మేడమ్, ఇంకోసారి లెక్కపెడితే ఆ అంకెలే మన మీద కేసు పెడతాయండి" అన్నాడు, ఎవరూ నవ్వలేదు, ఆయనా నవ్వలేదు. ఓట్లు సమానంగా వస్తే ఎన్నికల అధికారి, అంటే ఆమె, చీటీ తీయాలి. నియమాల పుస్తకంలో అది రెండు వాక్యాలు, నూట నాలుగో పేజీ, శిక్షణ తరగతిలో ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి టీ విరామం ఇచ్చారు. పైనుంచి పరిశీలకుడు కారులో వస్తున్నాడు, ఆయన వచ్చేదాకా ఆగండి అన్నారు, నాలుగింటికి చేరతాడట, అప్పటిదాకా ఆమె చెయ్యి ఆమెది కాదు, దాచిపెట్టిన వస్తువు. కుడిచెయ్యి చూసుకుంది, చూపుడువేలి పక్కన పెన్ను కాయ, మణికట్టు దగ్గర ఎండకి మాడిన గీత, ముప్పై ఏళ్లు పొలాల్లో కొలత గొలుసు లాగిన చెయ్యి, దీనికి ఏం తెలుసని.

ఆమె కొలతల శాఖ మనిషి. ఎన్నికలొస్తే ప్రభుత్వం ఎక్కడెక్కడి ఉద్యోగుల్నో లాక్కొచ్చి పెట్టినట్టే ఆమెనీ పెట్టింది, భూమి కొలిచేది ఓట్లు కొలవలేదా అని కాబోలు. ఊరంతా కొలతలమ్మ అంటారు, వెనకాల అనడం మొదలుపెట్టి ఇప్పుడు ఎదురుగానే అంటారు. ఆమెకి తెలిసిన లోకం మీటర్లలో ఉంటుంది, రాయి నుంచి రాయికి, గట్టు నుంచి గట్టుకి, ఇద్దరు అన్నదమ్ములు జానెడు నేల కోసం తలలు పగలగొట్టుకుంటే మధ్యన నిలబడి ఇదిగో ఇక్కడ అని మేకు దిగ్గొట్టడం, అంతే. ఇప్పుడేమో, ఆగు, వరసగా అనుకోవాలి. ప్రాంతీయ సభలో డెబ్బై ఒక్క స్థానాలు. ముప్పై అయిదు ఇటు, ముప్పై అయిదు అటు, మిగిలింది ఇదొక్కటే, ఇది ఎటు వాలితే ప్రాంతం అటు. అంతటితో ఆగినా బాగుండేది. రాజధానిలో ప్రధానమంత్రి కుర్చీకి మూడు కాళ్లే సొంతం, నాలుగోది ఇక్కడి పాలకపక్షం అరువిచ్చిన పదకొండుమంది సభ్యులు. ప్రధాని పాపం మా మెడకి చుట్టుకుంటోంది, ఇక్కడ ఓడిపోతే అక్కడ మాకేం పని, ఆ పూటే మద్దతు తీసేస్తాం అని ఆ పక్షం నాయకుడు ప్రచారంలో మైకు పగిలేలా అరిచాడు, అప్పుడు బెదిరింపు అనుకున్నారు, ఇప్పుడు గడియారం అయి కూర్చుంది. కిటికీ అవతల వీధిలో ఏదో దుకాణంవాడు టీవీ శబ్దం పెంచాడు, ఇక్కడి ఊరి పేరు పలకడం రాని గొంతు ఒకటి ప్రభుత్వం నిలుస్తుందా కూలుతుందా అంటోంది, ఒక్క చీటీ అంటోంది, ఒక మహిళా అధికారి అంటోంది. ఆ మహిళ నేనేనా, నాకు దాహంగా ఉందని వాళ్లకి తెలుసా.

మంచినీళ్ల సీసా ఉంది, తాగబుద్ధి కాలేదు, తాగితే మళ్లీ బయటికి వెళ్లాల్సి వస్తుంది, తలుపు తట్టి అడగాలి, ఇద్దరు ఆడ పోలీసులు వెంట వస్తారు. హాల్లో వాళ్లంతా కూర్చునే ఉన్నారు. మంత్రి ముందు వరసలో, ఏడు వంతెనలకి రిబ్బను కత్తిరించిన మనిషి, వాటిలో నాలుగింటి కింద నీళ్లే లేవని జనం నవ్వుకునేవాళ్లు. నర్సమ్మ పక్క వరసలో, ఇరవై ఆరేళ్లు ఆసుపత్రిలో సూదులు వేసి, వార్డులో మంచాలు చాలడం లేదని గేటు ముందు కూర్చుని ఉద్యోగం ఊడగొట్టించుకుంది, ఇప్పుడు కూడా ఎవరి నాడి చూడనా అన్నట్టు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆమె వెనక, చెవిమీద పెన్సిలు పెట్టుకుని, లెక్కింపు ఏజెంటు కార్డు మెడలో వేసుకుని, అన్నయ్య.

పొద్దున ఏడింటికి ఏజెంట్ల సంతకాలు తీసుకుంటున్నప్పుడు చూసింది. తల పూర్తిగా నెరిసింది. వేళ్ల సందుల్లో నల్లటి నూనె మరక అలాగే ఉంది, లేత్ యంత్రం ముందు నలభై ఏళ్లు నిలబడ్డవాడికి అది సబ్బుతో పోయేది కాదు. సంతకం పెట్టి ఫారం ఇటు తోశాడు, మొహం కేసి చూడలేదు. పదకొండేళ్లయింది మాట్లాడుకుని. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొలిచింది ఆమే, తిన్నగా వెళ్లాల్సిన గీత, నిప్పులాంటి గీత, నక్షాలో పిండిమిల్లు మధ్యనుంచి పోవాలి. మిల్లు మంత్రిగారి వాళ్లదని అందరికీ తెలుసు. కాస్త వంచండమ్మా, ఒక్క పద్నాలుగు మీటర్లు వంచితే ఎవరి కొంపా మునగదు అన్నారు పైవాళ్లు. మునిగింది. వంగిన గీత అన్నయ్య లేత్ షెడ్డు మీంచి పోయింది. ఆమెకి తెలుసు, గీత వంచుతున్నప్పుడే తెలుసు, పెన్సిలు ఆ షెడ్డు చదరం మీదికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగింది కూడా, ఆగి మళ్లీ సాగింది, ఎందుకంటే అప్పుడు బదిలీ ఉత్తర్వు టేబులు మీద ఉంది, పిల్ల పరీక్షలు ఉన్నాయి, ఎందుకంటే ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. షెడ్డు పడగొట్టిన రోజు అన్నయ్య తిట్టలేదు, చేతిలో రెంచి పట్టుకుని వచ్చి, "కొలిచింది నువ్వేనా?" అని మాత్రం అడిగాడు. నేనే అంది. "సరే" అన్నాడు. ఆ సరే పదకొండేళ్లు నడిచింది.

చిన్నప్పుడు గవ్వలాటలో అన్నయ్య ఒక్కసారి కూడా కావాలని ఓడిపోలేదు. ఏడ్చి, కాళ్లు నేలకేసి కొట్టుకుని, అమ్మచేత చెప్పించినా సరే. దయతలచి గెలిపిస్తే అది గెలుపు కాదే పిచ్చిదానా అనేవాడు, నువ్వు నిజంగా గెలిచినరోజు నేనే ఊరంతా టముకేసి చెబుతాను అనేవాడు, ఒకరోజు నిజంగా గెలిచింది, వీధి చివరిదాకా పరుగెత్తుకెళ్లి అరిచాడు, మా చెల్లెలు నన్ను ఓడించిందోయ్. ఆ గొంతు ఇప్పుడు ఎక్కడుంది, ముప్పై ఏళ్లు ఓడిపోయే పార్టీ జెండాలు మోసి మోసి బొంగురుపోయి ఉంటుంది. ఈసారి మొదటిసారి గెలిచేదాకా వచ్చాడు. ఒక్క ఓటు.

ఒక్క ఓటు. అనకూడదనుకున్నదే ముందు వస్తుంది మనసులోకి. ఎన్నికల పనిలో ఉన్నవాళ్లకి పోస్టులో ఓటు పంపిస్తారు, ఆమెకీ వచ్చింది, ఆమె ఓటు ఈ నియోజకవర్గంలోనే. కవరు తెచ్చి వంటగది అలమారలో టార్చిలైటు పక్కన పెట్టింది. డిపోలో బస్సుల టైములు రాసే ఆయన, ఆమె భర్త, నాలుగైదు సార్లు గుర్తుచేశాడు, "వేస్తే వెయ్యి, లేకపోతే చింపెయ్యి, దీనికింత ఆలోచనేంటే, బస్సు ఎక్కాలా వద్దా అని రోడ్డు మధ్యలో నిలబడితే ఏ బస్సయినా గుద్దుతుంది" అన్నాడు. నేను అధికారినండీ, నాకు ఏ పక్షమూ ఉండకూడదు అంది. అబద్ధం. నర్సమ్మకి వేస్తే అన్నయ్య కాళ్లమీద పడ్డట్టు ఉంటుంది, మంత్రికి వేస్తే రెండోసారి ఆ షెడ్డు పడగొట్టినట్టు ఉంటుంది, అందుకని గోడ మీది పిల్లిలా కూర్చుంది, గడువు దాటిపోయింది, కవరు అలాగే ఉంది. అది ఎటు వేసినా ఈ గది ఉండేది కాదు, ఈ గడియారం ఉండేది కాదు, ఇరవయ్యొక్క వేల నాలుగు వందల పంతొమ్మిది అని ఎవరో ఒకరు ఇంటికి వెళ్లిపోయేవాళ్లు, ఈ పాటికి ఆమె చెప్పులు విప్పి కాళ్లు బారజాపుకుని ఉండేది. ఎంచుకోనన్న మనిషినే పట్టుకుని ఎంచమంటున్నారు. మంత్రి చీటీ వస్తే అన్నయ్య అంటాడు, మళ్లీ అమ్ముడుపోయింది. నర్సమ్మ చీటీ వస్తే దేశమంతా అంటుంది, అన్న కోసం చెల్లెలు తీసింది. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి, ఉన్నచోట ఉందామంటే నాలుగింటికి తలుపు తీస్తారు.

మూడూ ఇరవైకి ఫోను మోగింది. ఎత్తకముందే తెలుసు పెద్దసారని, ప్రాంతం మొత్తానికి అధికారులందరి మీదా అధికారి. గొంతు వెన్నలా ఉంటుంది, కోపం వస్తే ఇంకా కరుగుతుంది.

"భోంచేశావా అమ్మా?"

"చేశాను సార్."

"చెయ్యలేదని గొంతే చెబుతోంది. సరేగాని, చీటీలు నువ్వే రాస్తావు కదా, నువ్వే మడుస్తావు కదా. కాగితం అన్నాక ఒకటి ఒకలా మడతపడుతుంది, ఇంకొకటి ఇంకోలా. ఒకదానికి మూల కాస్త లోపలికి పోతుంది. చేతికి తెలుస్తుంది. ఎవరి తప్పూ కాదది."

ఆమె ఫోను తీగని వేలికి చుట్టుకుంది.

"ప్రభుత్వం పడిపోతే మళ్లీ దేశమంతా ఎన్నికలు. ఎంత ఖర్చు, ఎంత రక్తపాతం, ఆలోచించు. ఏ మూల అన్నది నేను చెప్పక్కర్లేదనుకుంటా. వెనకటికి ఆ రోడ్డు పని కూడా ఎంతో తెలివిగా చేశావని విన్నాను."

పెట్టేశాడు. అవునూ కాదూ ఏమీ అనకపోతే అవునన్నట్టే వాళ్ల లెక్కలో. గీత వంచినప్పుడు కూడా ఆమె అవుననలేదు. టేబులు సొరుగులో తెల్ల కాగితాలు, కత్తెర. రెండు ముక్కలు కత్తిరించింది, పొడవు ఎనిమిది సెంటీమీటర్లు, వెడల్పు అయిదు, కొలవకుండానే సమానంగా వచ్చాయి, చేతికి అలవాటు. పేర్లు రాసింది. మడిచింది. బొటనవేలు ఒకదాని మూలని లోపలికి నొక్కింది, ఎవరు చెప్పారు దానికి, ఆమె చెప్పలేదు, వేలే నొక్కింది. చూసింది. వెంటనే విప్పి గోటితో సాపు చేసింది, ఎంత సాపు చేసినా చార పోలేదు. చింపి ఇంకోటి రాసింది. ఇప్పుడు మడత లేదు, కానీ కాగితం ఒకవైపు నున్నగా ఒకవైపు గరుగ్గా ఉంది, ఏది ఎటు మడిచిందో ఆమెకి తెలుసు. మళ్లీ చింపింది. కళ్లు మూసుకుని మడిచినా వేళ్లు చూస్తూనే ఉన్నాయి. ముప్పై ఏళ్లు చీకట్లో కూడా గొలుసు కడియాలు తడిమి లెక్కపెట్టిన వేళ్లు, వీటికి ఏదీ తెలియకుండా చెయ్యడం ఎలాగ. నర్సమ్మ చీటీ మడిచి అది అన్నయ్య కోసం కాదనుకోవాలా, మంత్రి చీటీ మడిచి ఏమీ జరగలేదనుకోవాలా, ఆ నర్సమ్మ ఒకసారి పిల్లకి జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేసింది, ఛీ, అదెందుకు ఇప్పుడు, అలాంటివన్నీ చేతిలోకి దిగిపోతాయి. ఒళ్లో కాగితం తునకలు పోగుపడ్డాయి. నిజాయితీగా ఉండాలన్నా ఈ చేతులతో కుదరదు, ఇదీ నా బతుకు, అనుకుంది, ఏడుపు రాలేదు, ఆకలి వేసింది.

ఆకలి వెనకే వచ్చింది ఆ ఆలోచన, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, తలుపు తట్టినంత మామూలుగా వచ్చింది. నా చేతులు వద్దు. రాసేది నేను కాకపోతే సరి.

నాలుగింటికి గడియ తీశారు. హాలు పొడవునా టేబుళ్లు, ఖాళీ పెట్టెలు, రెండు వందల మొహాలు, పరిశీలకుడు టై సర్దుకుంటున్నాడు. ఆమె మైకు ముందుకి వెళ్లి, చీటీలు తను రాయనని చెప్పింది. మంత్రిగారు నర్సమ్మ పేరు రాయాలి, నర్సమ్మ మంత్రిగారి పేరు రాయాలి, లెక్కల మాస్టారి పుస్తకంలోంచి చింపిన ఒకే కాగితం రెండు ముక్కలు, మడిచేది కూడా వాళ్లే, ఎవరి చీటీ వాళ్లే పెట్టెలో వేయాలి. ఎదుటివాడు గెలిచే చీటీకి ఎవరు మాత్రం గుర్తు పెడతారు. మంత్రి వకీలు లేచాడు.

"ఈ పద్ధతి నియమాల్లో ఉందా?"

"వద్దని ఎక్కడుందో చూపించండి. నూట నాలుగో పేజీ."

పరిశీలకుడు పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు, భుజాలెగరేశాడు. మంత్రి మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది, ముందే ఏదో మాట అందినవాడి మొహం, మాట తప్పిందని తెలిసినవాడి మొహం. అయినా రాశాడు. నర్సమ్మ మందుచీటీ రాసినంత గబగబా రాసి మడిచింది. లెక్కల మాస్టారు పెట్టె మూత వేసి అటూ ఇటూ ఊపాడు, లోపల రెండు కాగితాలు ఎలకపిల్లల్లా గరగరమన్నాయి. ఆమె కళ్లు మూసుకుంది. అంతమంది ఊపిరి బిగబట్టి ఉంటే ఎంత చల్లగా ఉంటుందో హాలు. చెయ్యి లోపలికి పోయింది, మొదట తగిలినదాన్ని పట్టుకుంది, రెండోదాన్ని తాకలేదు, తడమలేదు, తీసేసింది. విప్పింది. నర్సమ్మ చేతిరాత. మంత్రి పేరు.

చదివింది. సగం హాలు పైకి లేచింది, సగం హాలు కూర్చున్నచోటే కుంగిపోయింది, బయట ఎక్కడో టపాకాయలు పేలాయి, వార్త గోడల్లోంచి ఎలా పోతుందో. ప్రభుత్వం నిలిచింది నిలిచింది అని వీధిలో టీవీ మొత్తుకుంటోంది. రెండో చీటీ కూడా విప్పి అందరికీ చూపించింది, నర్సమ్మ పేరు ఉంది, మోసం లేదు, ఎవరు చూశారు. నర్సమ్మ లేచి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని, "తిండి తిను ముందు, మొహం పాలిపోయింది" అని వెళ్లిపోయింది. ఫోను వచ్చిందని ఎవరో పిలిచారు, ఆ గదిలోనే, అదే నల్ల ఫోను.

"నువ్వు సామాన్యురాలివి కాదమ్మా," అన్నాడు పెద్దసారు, "వాళ్లచేతే రాయించడమా, ఎవరి బుర్రకి తడుతుంది అసలు."

"సార్, నేనేమీ చెయ్యలేదు. నిజంగానే వచ్చింది. నాకు తెలియదు ఏది ఏదో."

"అలాగే చెప్పు అందరికీ, చాలా బాగుంది. నీకేం కావాలో రేపు వచ్చి కలువు."

"నిజం సార్."

"అవునమ్మా, అవును" అని నవ్వాడు, పెట్టేశాడు. రిసీవరు చేతిలో అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి తిన్నగా గీసిన గీత, అది కూడా వాళ్లకి కావాల్సిన చోటికే వెళ్లింది, ఇక ఏ మాట చెప్పినా అది వాళ్ల మాటే అవుతుంది, నిజం కూడా వాళ్ల జేబులోకే పోతుంది. నర్సమ్మ పేరు వచ్చి ఉంటేనో, అప్పుడైనా ఇంతే, ఇంకో జేబు.

పోలీసు అధికారి వచ్చి ముందు గేటుగుండా వెళదాం మేడమ్ అన్నాడు, అక్కడంతా గెలిచినవాళ్లు, మీకు జేజేలు కొడుతున్నారు, వెనక గేటు దగ్గర ఓడినవాళ్లు, వాళ్ల చేతుల్లో ఏముందో తెలియదు. కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది, కొలతలమ్మ వర్ధిల్లాలి. ఆ మాట చెవిలో పడగానే వెనక గేటు అంది. వద్దు మేడమ్. వెనక గేటే అంది. ఆయన ఇద్దరిని ముందు, ఇద్దరిని వెనక పెట్టాడు, ఇనుప గేటు తీశారు, ఎండ మొహాన కొట్టింది. జనం. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు, తర్వాత పట్టారు. ఎంతకి తీశావే ఆ చీటీ అని ఒక గొంతు, వాళ్ల వంతెన కింద ఇల్లు కట్టిస్తారంటలే అని ఇంకో గొంతు, నవ్వు, ఆ నవ్వు వెనక చప్పుడు లేకుండా బిగిసిన పిడికిళ్లు, పోలీసుల భుజాలు దగ్గరికి వచ్చాయి, ఇక కదలడానికి లేదు, ముందుకీ లేదు వెనక్కీ లేదు.

గేటు పక్కన సైకిలు తాళం తీసుకుంటున్న మనిషి లేచి నిలబడ్డాడు. మెడలో కార్డు ఇంకా ఉంది. ఆమె కేసి చూశాడు, పదకొండేళ్ల తర్వాత మొహంలోకి చూశాడు, ఏముందో ఆ చూపులో ఆమె చదవలేకపోయింది, నమ్మాడో, నమ్మకపోయినా సరేననుకున్నాడో. సైకిలు స్టాండు మీదే వదిలేసి పోలీసుల మధ్యనుంచి దూరి ఆమె ముందు నిలబడ్డాడు, వీపు ఇటు, మొహం జనం వైపు.

"ఎవర్రా ఈవిడకి అడ్డం?" అన్నాడు ఒకడు.

"మా చెల్లెలు" అన్నాడు అన్నయ్య. "దారివ్వండి."